హాస్కెల్‌లో తెలుగు నిఘంటువు పార్సింగ్: పార్సెక్, ఆటోపార్సెక్, మెగాపార్సెక్‌లలో ఏది తీసుకోవాలి?

పదకోశం_పని
అందరికీ నమస్కారం. ఒక పాత తెలుగు నిఘంటువు స్కాన్ కాపీ నుంచి తీసిన టెక్స్ట్ ఫైల్ నా దగ్గర ఉంది. దాన్ని పదం, వ్యాకరణ సంకేతం, అర్థాలు, ఉదాహరణ అని విడగొట్టి, ప్రోగ్రాములు సులువుగా చదివే ఫైల్ రూపమైన జేసన్‌గా మార్చి అందరికీ ఉచితంగా పెట్టాలని నా కోరిక. ఒక్కో పద్దు ఒక్కో లైనులో ఉంటుంది, ఇలాగ:

చల్లని విణ. శీతలమైన, హాయియైన.
మడి వి. ౧. వరిచేనిలో గట్ల నడిమి భాగము ౨. శుచి.

స్కాన్ నుంచి వచ్చింది కాబట్టి తప్పులు బాగానే ఉన్నాయి, చుక్క ఉండాల్సిన చోట కామా, ఒక చోట సంకేతమే లేకపోవడం, అలాంటివి. ప్రోగ్రామింగ్ భాష మాత్రం హాస్కెలే, నాకు వచ్చిందీ ఇష్టమైందీ అదే, దాన్ని మార్చను. పార్సింగ్‌కి, అంటే టెక్స్ట్‌ని నియమాల ప్రకారం విడగొట్టి చదవడానికి, వాడే లైబ్రరీ దగ్గరే ఆగిపోయాను. పార్సెక్, ఆటోపార్సెక్, మెగాపార్సెక్ మూడింటి గురించీ చదివితే ప్రతిచోటా ఒకటే మాట, ఇది వేగం, అది నిదానం అని. తెలుగు టెక్స్ట్ మీద నిజంగా వాడినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

ఓరుగల్లు_లాంబ్డా
ఆటోపార్సెక్ తీసుకో అన్నా, ఆలోచించాల్సిన పని లేదు. బ్రయాన్ ఓసలివన్ రాసినప్పటి నుంచీ లాగ్ ఫైళ్లు, నెట్‌వర్క్ ప్రోటోకాల్స్ లాంటి వాటికి అదే వాడుతున్నరు. నీ ఫైల్‌లో లైనుకు ఒక పద్దు కదా, లైన్లుగా విడగొట్టి ఒక్కో లైను మీద పార్స్‌ఓన్లీ నడుపు, లెఫ్ట్ (అంటే పార్స్ కాలేదని) వచ్చిన లైన్లన్నీ వేరే ఫైల్‌లోకి తోసెయ్, రైట్ వచ్చినవి జేసన్‌లోకి. ఆ వేరే ఫైల్‌ని తర్వాత కూర్చుని చేత్తో దిద్దుకో. ఇంకో మంచి సంగతి, దాంట్లో ఒక దారి ఫెయిల్ అయితే ఎప్పుడైనా మొదటికి వెనక్కి వస్తది, పార్సెక్‌లో లాగా ఎక్కడ ట్రై (ఫెయిల్ అయితే వెనక్కి రమ్మని చెప్పేది) పెట్టాలె అని తల పట్టుకునే పని లేదు.

కొలువు_హాస్కెల్
ఓరుగల్లు గారు చెప్పిన పద్ధతి పనిచేస్తుంది, కాదనను. కానీ పదకోశం గారి అసలు కష్టం వేగం కాదండి, తప్పులున్న ఫైలు. వేల లైన్లు లెఫ్ట్‌లో పడితే ఒక్కోటీ ఎందుకు పడిందో మీకు తెలియాలి కదా. ఆటోపార్సెక్ ఇచ్చే మెసేజ్ చాలాసార్లు ఒట్టి "స్ట్రింగ్" అన్న ముక్క ఒక్కటే, లైను నంబరు లేదు, కాలమ్ లేదు. పార్స్‌ఓన్లీ కాకుండా పార్స్ వాడితే ఫెయిల్‌తో పాటు మిగిలిన ఇన్‌పుట్ చేతికొస్తుంది, దాన్నిబట్టి ఎక్కడ ఆగిందో మీరు లెక్కేసుకోవచ్చు, కానీ ఆ పనంతా మీదే.

మీ ఫైల్‌లోంచే ఉదాహరణ చెప్తాను. సంకేతాల కోసం మామూలుగా ఇలా రాస్తారు (మధ్యలో ఉన్న గుర్తుకి "లేదా" అని అర్థం):

స్ట్రింగ్ "వి." <|> స్ట్రింగ్ "విణ."

పార్సెక్‌లో "విణ." ఉన్న లైను మీద ఇది పడిపోతుంది. మొదటి స్ట్రింగ్ "వి" దాకా తినేసి, చుక్క బదులు ణ కనబడగానే ఆగుతుంది, ఇన్‌పుట్ తిన్నది కాబట్టి రెండో దారి వైపు చూడనే చూడదు. ముందు ట్రై పెట్టాలి, లేకపోతే కొత్త వెర్షన్లలో వచ్చిన స్ట్రింగ్ ప్రైమ్ వాడాలి. మెగాపార్సెక్‌లో స్ట్రింగ్ తనంతట తానే వెనక్కి వస్తుంది, కాబట్టి పైన రాసిన లైను ఉన్నదున్నట్టుగా నడుస్తుంది. మూడు నాలుగు పార్సర్లు వరసగా కలిపిన దారి అయితే మాత్రం మెగాపార్సెక్‌లోనూ ట్రై కావాలి, అది మర్చిపోకండి.

పార్సెక్ 2001 నాటి డాన్ లేయెన్ పని, మెగాపార్సెక్ 2015లో దాని నుంచి విడిపోయిన ఫోర్క్. ఒకటి నేర్చుకుంటే రెండోది దాదాపు వచ్చినట్టే. పార్సెక్‌కి ఉన్న లాభం ఏంటంటే హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీతో పాటే వస్తుంది, బిల్డ్ టూల్ కబాల్ దాన్నే వాడుతుంది, డాక్యుమెంట్లని ఒక రూపంలోంచి ఇంకోదానికి మార్చే పాన్‌డాక్ ఇప్పటికీ దాని మీదే నడుస్తోంది. మెగాపార్సెక్ మీద హెచ్‌లెడ్జర్, డాల్ లాంటి ప్రోగ్రాములు ఉన్నాయి. అంటే రెండూ రోజువారీ వాడకంలో నలిగినవే.

పదకోశం_పని
కొలువు గారూ, ఆ వి, విణ సంగతి సరిగ్గా నా ఫైల్ మీద చూశాను, పార్సెక్ ఇచ్చిన ఎర్రర్ ఇదీ (ఇంగ్లిష్ మాటల్ని తెలుగులో రాస్తున్నా, అంకెలు ఉన్నవున్నట్టే):

ఊహించనిది "\3107"
రావలసినది "\3125\3135."

ఇది చదివి ఏ అక్షరమో ఎలా తెలుసుకోవాలి? ప్రతిసారీ పట్టిక చూడాలా?

కొలువు_హాస్కెల్
అదేనండి నేను చెప్పబోయింది. పార్సెక్ ఎర్రర్ కట్టేటప్పుడు లోపల షో అనే ఫంక్షన్ వాడుతుంది, హాస్కెల్ షో ఆస్కీ కాని ప్రతి అక్షరాన్నీ అంకె చేసేస్తుంది. 3125 అంటే వ, 3135 అంటే గుడి, 3107 అంటే ణ. మెగాపార్సెక్ అక్షరాన్ని అక్షరంగానే చూపిస్తుంది, ఆ లైను మొత్తం అచ్చు వేసి కింద బాణం గుర్తు పెడుతుంది. లేబుల్స్ కూడా తెలుగులో ఇచ్చుకోవచ్చు, "వ్యాకరణ సంకేతం" అని మీరు పేరు పెడితే ఎర్రర్‌లో అదే మాట కనబడుతుంది. రేపు మీతో కలిసి దిద్దడానికి వచ్చేవాళ్లు ప్రోగ్రామర్లు కాకపోయినా చదువుకోగలరు, నా దృష్టిలో మీ పనికి అన్నిటికంటే విలువైనది ఇది.

ఇంకొకటి, విత్‌రికవరీ, రిజిస్టర్‌పార్స్‌ఎర్రర్ అని రెండు ఫంక్షన్లు ఉన్నాయి. ఒక పద్దు దగ్గర తప్పు దొరికితే దాన్ని నమోదు చేసుకుని లైను చివరికి జరిగి తర్వాతి పద్దు నుంచి మళ్లీ మొదలుపెడుతుంది. ఒక్కసారి నడిపితే ఫైల్ మొత్తంలోని తప్పుల జాబితా, లైను నంబర్లతో సహా చేతికొస్తుంది.

అక్షర_గణితం
మూడింటిలో ఏది తీసుకున్నా ముందు పదం అంటే ఏంటో సరిగ్గా చెప్పాలి, అక్కడే చాలామంది తెలుగు ఫైళ్లు పాడవుతాయి. డేటా.క్యార్‌లోని ఈజ్‌ఆల్ఫా గుణింతపు గుర్తుల్ని అక్షరాలుగా ఒప్పుకోదు. యూనికోడ్ లెక్కలో అవి మార్క్ వర్గం, పొల్లు కూడా అంతే, సున్నా (ం) కూడా అంతే. కాబట్టి టేక్‌వైల్1 ఈజ్‌ఆల్ఫా అని రాసి "చల్లని" మీద నడిపితే మీ చేతికి వచ్చేది "చల" మాత్రమే, పొల్లు దగ్గర ఆగిపోతుంది. మెగాపార్సెక్ లెటర్‌క్యార్ కూడా లోపల ఇదే వాడుతుంది కాబట్టి అక్కడా ఇదే కథ. ఈజ్‌ఆల్ఫా లేదా ఈజ్‌మార్క్ అని రెండూ కలిపి మీ సొంత ఫంక్షన్ రాసుకోండి. దానికి ఇంకొకటి చేర్చాలి, 8204 నంబరున్న జీరో విడ్త్ నాన్ జాయినర్, "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల మధ్యలో కంటికి కనబడకుండా ఉంటుంది. అది అక్షరమూ కాదు, మార్కూ కాదు, ఫార్మాట్ వర్గం. దాన్ని వదిలేస్తే పదం రెండు ముక్కలవుతుంది, ఫైల్ తెరిచి చూస్తే కారణం కనబడదు.

మీ రెండో పద్దులో ౧, ౨ అని తెలుగు అంకెలు ఉన్నాయి చూశారా. ఈజ్‌డిజిట్ ఆస్కీ అంకెల్ని తప్ప దేన్నీ ఒప్పుకోదు, మెగాపార్సెక్ డెసిమల్ కూడా అంతే, డిజిట్‌టుఇంట్‌కి తెలుగు అంకె ఇస్తే నేరుగా ఎర్రర్‌తో ప్రోగ్రామ్ ఆగుతుంది. సున్న అంకె (౦) 3174, మిగతావి దాని తర్వాత వరసగా ఉన్నాయి, కాబట్టి ఆర్డ్ (అక్షరం నంబరు) విలువలోంచి 3174 తీసేస్తే అంకె వచ్చేస్తుంది, రెండు లైన్ల పని.

ఓరుగల్లు_లాంబ్డా
ఆటోపార్సెక్ తీసుకునేవాళ్లకు నేనొక జాగ్రత్త చెప్పాలె. దాంట్లో రెండు మాడ్యూల్స్ ఉంటయి, ఒకటి టెక్స్ట్ మీద, ఇంకొకటి బైట్‌స్ట్రింగ్ మీద. ఇంటర్‌నెట్‌లో దొరికే ఉదాహరణలు ఎక్కువ బైట్‌స్ట్రింగ్ క్యార్8 మీదనే ఉంటయి, వేగం కోసమని దాన్నే కాపీ చేస్తరు. తెలుగుకు దాన్ని అసలే ముట్టొద్దు. క్యార్8 ప్రతి అక్షరాన్నీ ఎనిమిది బిట్లకు కోసేస్తది, ఎర్రర్ ఇవ్వదు, వార్నింగ్ ఇవ్వదు. ఓవర్‌లోడెడ్‌స్ట్రింగ్స్ పెట్టి బైట్‌స్ట్రింగ్‌గా "సరళ" అని రాస్తే లోపల తయారయ్యేది "803". లెక్క చూడండి, స 3128, ర 3120, ళ 3123, వీటిని 256తో భాగిస్తే శేషాలు 56, 48, 51. ఆస్కీలో అవి 8, 0, 3. ఇట్లాంటిది జేసన్ దాకా పోయిందంటే ఎన్నడో ఎవరో పదం వెతికినప్పుడు బయటపడతది. డేటా.ఆటోపార్సెక్.టెక్స్ట్ ఒక్కటే వాడండి.

డల్లాస్_తెలుగు
ఓరుగల్లు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మరి ఇంతకీ ఇన్‌పుట్ దేంట్లో పెట్టుకోవాలి అన్నది ఎవరూ మాట్లాడలేదు. మామూలు స్ట్రింగ్ వాడితే తెలుగుకి ఇంగ్లిష్ కంటే ఎక్కువ దెబ్బ. 64 బిట్ మెషీన్‌లో లిస్ట్‌లోని ఒక్కో గడికి 24 బైట్లు, క్యార్ పెట్టెకి ఇంకో 16. ఇంగ్లిష్ అక్షరాలకి ఆ 16 మిగులుతుంది, ఎందుకంటే 255 లోపు క్యార్‌లకి జీహెచ్‌సీ దగ్గర ముందే ఒక పట్టిక ఉంటుంది, గార్బేజ్ కలెక్షన్ (వాడని మెమరీని ఖాళీ చేయడం) అప్పుడు అందరూ దాన్నే పంచుకుంటారు. మన అక్షరాలు మూడు వేల పైన, కాబట్టి ఒక్కోదానికి 40. "తెలుగు" అన్న మాటలో ఆరు కోడ్ పాయింట్లు (యూనికోడ్ నంబర్లు), అంటే 240 బైట్లు. అదే టెక్స్ట్‌లో అయితే 18, పైన చిన్న ఖర్చు తప్ప.

నాకున్న బాధ ఒకటుంది, ఇక్కడ చెప్పుకుంటాను. టెక్స్ట్ లైబ్రరీ 2.0 నుంచి లోపల యూటీఎఫ్8కి (అక్షరాల్ని బైట్లుగా రాసే ఒక పద్ధతి) మారింది, 2021 చివర్లో. అంతకుముందు యూటీఎఫ్16 ఉండేది, అందులో "తెలుగు" 12 బైట్లలో సరిపోయేది. ఇంగ్లిష్ వాళ్లకి సగం తగ్గింది, మనకి సగం పెరిగింది. హిందీకీ తమిళానికీ కూడా ఇదే.

కొలువు_హాస్కెల్
డల్లాస్ గారూ, మెమరీ లెక్క కరెక్టే, కానీ ఫైల్ డిస్క్ మీద ఎలాగూ యూటీఎఫ్8లోనే ఉంటుంది కదండీ. ఇదివరకు చదివిన ప్రతిసారీ 16కి మార్చాలి, రాసేటప్పుడు మళ్లీ 8కి మార్చాలి. ఇప్పుడు సరిగ్గా ఉందో లేదో చూసుకుని కాపీ చేసుకోవడమే. ఇలా చదివి రాసే పనిలో ఆ లాభం పెద్దది. ఒక నిఘంటువు మొత్తాన్ని మెమరీలో పెట్టుకున్నా ఈ రోజుల్లో లాప్‌టాప్‌కి అది లెక్కలోకి రాదు. జీహెచ్‌సీ 9.4 నుంచి టెక్స్ట్ 2 దానితోనే వస్తోంది, పాతదాని మీద కూర్చుంటే మిగతా లైబ్రరీలతో పేచీ.

డల్లాస్_తెలుగు
వేగం సంగతి ఒప్పుకుంటాను. కానీ నేను నడిపే సర్వర్‌లో పెద్ద తెలుగు కార్పస్ పూర్తిగా మెమరీలో ఉంటుంది, చదివేది ఒక్కసారి, వెతికేది రోజంతా. నా పనికి ఆ తేడా నెల బిల్లులో కనబడుతుంది. ఎవరి పనిని బట్టి వాళ్లు కొలుచుకోవాలి.

అమృతం_బాట
ఎలిక్సిర్ అనే ఇంకో ప్రోగ్రామింగ్ భాష వైపు నుంచి ఒక మాట. భాష మార్చనన్నారు, సరే, పోలిక కోసం చెప్తున్నా. ఎలిక్సిర్‌లో స్ట్రింగ్.లెంగ్త్‌కి "తెలుగు" ఇస్తే 3 వస్తుంది, మనం చదివే అక్షరాల లెక్కే అది, స్ట్రింగ్.గ్రాఫీమ్స్ ఇస్తే తె, లు, గు అని విడగొడుతుంది. వేరే లైబ్రరీ అక్కర్లేదు, భాషతోనే వచ్చింది. పార్సింగ్‌కి నింబుల్‌పార్సెక్ ఉంది. హాస్కెల్‌లో టెక్స్ట్ లెంగ్త్ 6 అంటుంది. ఇంత పెద్ద టైప్ సిస్టమ్ ఉన్న భాషలో ఈ సదుపాయం చేతికి దగ్గరగా లేకపోవడం నాకు వింతగా ఉంటుంది.

అక్షర_గణితం
అమృతం గారు చెప్పింది న్యాయమే. హాస్కెల్‌లో దీనికి అలవాటైన దారి టెక్స్ట్‌ఐసీయూ, అందులో బ్రేక్‌క్యారెక్టర్ అని ఉంది, అక్షరాలుగా విడగొట్టి ఇస్తుంది. చిక్కు ఏంటంటే అది ఐసీయూ అనే సీ భాషలోని యూనికోడ్ లైబ్రరీ మీద కూర్చున్న పొర. మెషీన్‌లో ఐసీయూ డెవలప్‌మెంట్ ప్యాకేజీ ఉండాలి, లేకపోతే బిల్డ్ కాదు, విండోస్‌లో ఇంకా కష్టం.

రెండో చిక్కు ఇంకా లోతైంది. "కృష్ణ"లో ఎన్ని అక్షరాలు? మనకి రెండు, కృ, ష్ణ. యూనికోడ్ పాత నియమాల ప్రకారం మూడు, ష్ ఒకటి, ణ ఒకటి. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో భారతీయ లిపుల సంయుక్తాక్షరాల్ని విడదీయకూడదు అన్న నియమం చేర్చారు, ఆ లిపుల్లో తెలుగు కూడా ఉంది. దాంతో రెండు అవుతుంది. అంటే మెషీన్‌లో ఉన్న ఐసీయూ వెర్షన్‌ని బట్టి మీ ప్రోగ్రామ్ జవాబు మారిపోవచ్చు. ఎలిక్సిర్‌లో కూడా ఏ వెర్షన్ మీద నడుపుతున్నారో చూసుకోవాలి.

పదకోశం గారికి దీంతో పని పడేది ఒక్కచోటే, బాణం గుర్తు దగ్గర. మెగాపార్సెక్ కాలమ్‌ని కోడ్ పాయింట్లలో లెక్కపెడుతుంది. "చల్లని" కంటికి మూడక్షరాలు, దాని లెక్కలో ఆరు. అందుకే బాణం అసలు తప్పుకి కొంచెం కుడివైపు నిలబడొచ్చు. లైను నంబరు, కనబడిన అక్షరం, లేబుల్ ఈ మూడింటినీ నమ్మండి, బాణాన్ని సుమారుగా తీసుకోండి.

గుంటూరు_బిల్డ్
వీటన్నిటికంటే ముందు ఎదురయ్యేది ఇంకోటి. మా దగ్గర ఇలాంటిదే ఒక చిన్న ప్రోగ్రామ్ లాప్‌టాప్ మీద చక్కగా నడిచింది, ప్రోగ్రామ్‌ని విడి కంటైనర్‌లో నడిపే డాకర్‌లో పెట్టగానే మొదటి తెలుగు అక్షరం అచ్చు వేయబోయి "ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్" అని చచ్చింది. కంటైనర్‌లో లాంగ్ వేరియబుల్ (భాష, ఎన్‌కోడింగ్ చెప్పే సెట్టింగ్) పెట్టలేదు, హాస్కెల్ దాన్ని చూసి ఆస్కీ అనుకుంది. బగ్ పార్సర్‌లో ఉందేమో అని టీమంతా దాని చుట్టూనే తిరిగారు. లాంగ్‌ని సీ.యూటీఎఫ్8 చేస్తే పోతుంది, కానీ ఎవరి మెషీన్ మీద ఏముంటుందో మన చేతిలో లేదు కాబట్టి ప్రోగ్రామ్‌లోనే తేల్చుకోవడం మేలు. బైట్‌స్ట్రింగ్‌గా చదివి డీకోడ్‌యూటీఎఫ్8 ప్రైమ్‌తో మార్చండి, ఫైల్‌లో చెడిన బైట్లుంటే అది లెఫ్ట్, రైట్ ఇచ్చే ఈదర్‌లో చెప్తుంది, ప్రైమ్ లేనిదైతే ఎక్సెప్షన్ విసురుతుంది. టెక్స్ట్ 2.1 ఉంటే డేటా.టెక్స్ట్.ఐఓ.యూటీఎఫ్8 అని మాడ్యూల్ ఉంది, అది లొకేల్ (మెషీన్ భాష సెట్టింగ్) వంక చూడనే చూడదు.

ఓరుగల్లు_లాంబ్డా
కొలువు అన్న చెప్పిన రికవరీ సంగతి మళ్లీ చదివిన. ఒక్కసారికే తప్పుల జాబితా మొత్తం వస్తదంటే ఈ పనికి మెగాపార్సెక్కే నయం, నా ఓటు కూడా దానికే. డేటా ముక్కలు ముక్కలుగా వచ్చే చోట, అంటే సాకెట్ మీదికెళ్లి వచ్చేదానికి మాత్రం ఆటోపార్సెక్‌ను వదలను. దాంట్లో పార్షియల్ అని తిరిగొస్తది, మిగతా ముక్క రాంగనే ఆగిన కాన్నుంచి కొనసాగిస్తది. మెగాపార్సెక్‌లో అది లేదు.

పదకోశం_పని
ఫ్లాట్‌పార్స్ అని ఇంకొకటి కనబడింది, అన్నిటికంటే చాలా రెట్లు వేగం అంటున్నారు. ఎవరైనా వాడారా?

కొలువు_హాస్కెల్
ఆండ్రాష్ కోవాచ్ రాసింది. నేరుగా యూటీఎఫ్8 బైట్‌స్ట్రింగ్ మీద నడుస్తుంది, అయినా క్యార్8 లాగా అక్షరాన్ని కోయదు, మూడు బైట్ల తెలుగు అక్షరాన్ని సరిగ్గానే చదువుతుంది. వేగం నిజమే. కానీ స్ట్రింగ్‌లు పోల్చడానికి టెంప్లేట్ హాస్కెల్ (కంపైల్ అప్పుడే కోడ్ తయారుచేసే సదుపాయం) కావాలి, ఎర్రర్ ఎలా ఉండాలో మొత్తం మీరే కట్టుకోవాలి. ఒక భాషకి కంపైలర్ రాసేవాళ్లకి అది సరైనది. మీరు ఒక్కసారి నడిపి, తప్పులు దిద్ది, మళ్లీ నడిపే పనికి ఆ వేగం దేనికీ ఉపయోగపడదు.

పదకోశం_పని
అర్థమైంది, మెగాపార్సెక్, టెక్స్ట్ 2.1 తీసుకుంటున్నా. చివరగా ఒక సందేహం. పద్దుల్ని అకారాది క్రమంలో పెట్టాలి. టెక్స్ట్ మీద మామూలు సార్ట్ సరిపోతుందా?

అక్షర_గణితం
చాలావరకు సరిపోతుంది, ఎందుకంటే యూనికోడ్‌లో తెలుగు అక్షరాల వరస మన వర్ణమాలకి దగ్గరగానే ఉంది, సున్నా (ం) ఉన్న మాటలు ముందే వస్తాయి. మూడు చోట్ల తేడా కొడుతుంది.

మొదటిది ఐత్వం. దాన్ని ఒకే గుర్తుగా 3144తో రాయొచ్చు, ఎత్వం 3142, దాని పక్కన 3158 అని రెండు గుర్తులుగానూ రాయొచ్చు. కంటికి రెండూ ఒకటే, ఈక్వాలిటీకి మాత్రం వేరు వేరు పదాలు. స్కాన్ నుంచి వచ్చిన ఫైళ్లలో రెండూ కలిసి ఉండే అవకాశం ఉంది. పార్స్ చేయడానికి ముందే యూనికోడ్‌ట్రాన్స్‌ఫార్మ్స్ లైబ్రరీతో, ఒకే అక్షరాన్ని ఒకే తీరులో రాసే యూనికోడ్ రూపమైన ఎన్ఎఫ్‌సీలోకి మార్చేయండి, రెండు గుర్తులూ కలిసి ఒకటైపోతాయి. పూర్తిగా హాస్కెల్‌లో రాసింది, సీ లైబ్రరీ గొడవ లేదు.

రెండోది నేను పైన చెప్పిన 8204. దాని నంబరు తెలుగు అక్షరాలన్నిటికంటే పెద్దది కాబట్టి అది ఉన్న పదం మామూలు సార్ట్‌లో వెనక్కి పోతుంది, లేనిది ముందుకొస్తుంది. ఒకే మాట రెండు చోట్ల తేలుతుంది.

మూడోది ళ, ఱ. ళ యూనికోడ్‌లో వ కంటే ముందు ఉంటుంది, వర్ణమాలలో హ తర్వాత వస్తుంది. బండి ర ఉన్న పదాల్ని కొన్ని నిఘంటువులు ర దగ్గరే కలిపేస్తాయి, కొన్ని విడిగా ఉంచుతాయి. మీ పుస్తకం ఏం చేసిందో చూసి దాన్నే పాటించండి, ఏ లైబ్రరీ కూడా మీ తరఫున అది తేల్చలేదు.

మొదటి రెండింటికీ యూనికోడ్‌కొలేషన్ అని జాన్ మెక్‌ఫార్లేన్ రాసిన లైబ్రరీ ఉంది, పాన్‌డాక్ రాసింది కూడా ఆయనే. కనబడని 8204ని అది లెక్కలోకి తీసుకోదు. ప్రతి పోలికకీ కొలేటర్‌ని పిలవకుండా ఒక్కో పదానికి సార్ట్‌కీ ఒక్కసారి కట్టించి సార్ట్‌ఆన్‌కి ఇవ్వండి, పెద్ద ఫైల్ మీద ఆ తేడా తెలుస్తుంది.

గుంటూరు_బిల్డ్
జేసన్ ఫైల్‌తో పాటు మెగాపార్సెక్ ఇచ్చిన తప్పుల జాబితా కూడా రిపోలో పెట్టండి. లైను నంబర్లు ఉంటాయి కాబట్టి నాలాంటివాళ్లం వందేసి లైన్లు పంచుకుని స్కాన్ పేజీతో పోల్చి దిద్దుతాం. మొదటి వంద నాకు రాసుకోండి.